మంగళవారం ఓపీ, రెండో రూం: మా అర్బన్ హెల్త్ సెంటర్ గురించి

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో కూడా చెప్తాను, కాస్త మనసు పెడితే అది ఈ ఏడాదిలోనే సరిచేయగలిగింది కాబట్టి.

ముందే చెప్పేస్తున్నా, ఇది తెల్లబట్ట గురించి, కింద దురద గురించి, మూత్రంలో మంట గురించి రాస్తున్న రివ్యూ. హోటల్ గురించి, మిక్సీ గురించి రాసినంత మామూలుగా దీని గురించీ రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. నేను కరీంనగర్‌లో మెప్మా ఆర్పీని, అంటే పట్టణంలో మహిళా సంఘాల పని చూసుకునే రిసోర్స్ పర్సన్‌ని. నా కింద 26 మహిళా సంఘాలున్నాయి. మీటింగ్ అయిపోయి అందరూ లేచి వెళ్లాక ఒకరో ఇద్దరో ఆగుతారు, చీర కొంగు సర్దుకుంటూ అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "అక్కా, ఒకటి అడగాల్నే" అంటారు. కిస్తీ గురించేమో అనుకుంటాం. చాలాసార్లు ఇదే. పదేళ్లుగా ఆ మాట వింటూ, దవాఖానకి పొమ్మని చెప్తూ వచ్చిన నేను, నాకే వచ్చేసరికి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు.

మొదట నేను వెళ్లింది మా అమ్మగారి ఊళ్లో పీహెచ్‌సీకి. ఊరి పేరు రాయను. అక్కడ ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గరే "ఏమైతుందమ్మా?" అని అడుగుతారు. నా వెనక పన్నెండు మంది ఉన్నారు, అందులో మా చిన్నాయన కొడుకు ఒకడు, మా ఇంటికి పాలు పోసే ఆయన ఇంకొకరు. చీటీ రాసే అబ్బాయి చెడ్డవాడేం కాదు, చీటీలో ఒక గడి ఉంది, దాన్ని నింపాలి, అందుకే అడిగాడు. నేను "కడుపు నొప్పి" అన్నాను. చీటీ మీద కడుపు నొప్పి అని పడింది. లోపల డాక్టర్ గారు చీటీ చూసి, "అన్నం టైముకి తింటున్నారా?" అన్నారు. టేబుల్‌కి అటువైపు ఇద్దరు, ఇటువైపు ముగ్గురు నిలబడి ఉన్నారు, తలుపు బార్లా తీసి ఉంది. తింటున్నానన్నాను. గ్యాస్ మాత్రలు, బీకాంప్లెక్స్ చేతిలో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఎక్కడ తప్పిందో చూడండి. డాక్టర్‌కి చదువు తక్కువై కాదు, మందులు లేక కాదు. మందు లోపల అల్మారాలోనే ఉండి ఉంటుంది. పన్నెండు మంది ముందు ఆ ప్రశ్న అడగడంతోనే వైద్యం దారి తప్పింది. నా సంఘాల్లో ఆడవాళ్లని అడిగితే అందరిదీ ఇదే కథ. ఒకామె "నీరసం" అని చెప్పి రెండేళ్లు ఐరన్ మాత్రలు మింగింది. ఇంకొకామె "నడుం నొప్పి" అని చెప్పి నొప్పి సూదులు వేయించుకుంది. పొత్తికడుపులో నొప్పితో పాటు జ్వరం కూడా వచ్చి నడవలేని స్థితిలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, లోపల గర్భసంచి చుట్టూ ఇన్ఫెక్షన్ పాకిందన్నారు. రిజిస్టర్‌లో మాత్రం ఆ ఊళ్లో ఈ జబ్బే లేదు. నడుం నొప్పి, నీరసం, గ్యాస్ ఇవే ఉన్నాయి.

ఆ తర్వాత నేనూ అందరూ చేసేదే చేశాను. ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు, మెడికల్ షాపులో ఒక ట్యూబు. ట్యూబు కూడా మా అబ్బాయికి గజ్జి అని చెప్పి తెచ్చుకున్నాను. రెండు రోజులు తగ్గినట్టుంటుంది, మూడో రోజు రాత్రి మళ్లీ నిద్ర పట్టదు.

మా యారాలు, అంటే తోడికోడలు, లాక్కుపోయింది చివరికి, మా కాలనీ వెనక ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్‌కి. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అని మంగళవారం మంగళవారం ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టారు గుర్తుందా, మా కరీంనగర్‌లోనే ప్రారంభించారు, మొదట రాష్ట్రం మొత్తంలో 100 సెంటర్లలో పెట్టారు. మా సెంటర్‌లో మంగళవారం అంటే ఆడవాళ్ల రోజు అనే అలవాటు అప్పటి నుంచే పడింది.

ఇక్కడ కిటికీ దగ్గర అడిగింది మూడే ముక్కలు. పేరు, వయసు, ఇంతకుముందు వచ్చారా. "ఏమైతుంది" అనే మాటే లేదు. చీటీలో ఆ గడి ఖాళీగా వదిలేసి, "రెండో రూం, సిస్టర్ ఉంటారు" అన్నారు. నేను ఆ చీటీని రెండుసార్లు చూసుకున్నాను. ఖాళీ గడి చూసి అంత ఊపిరి పీల్చుకుంటానని అనుకోలేదు.

రెండో రూంలో స్టాఫ్ నర్సు తలుపు వేశారు. గడియ విరిగిపోయింది, అందుకని ఒక చెక్క స్టూలు తెచ్చి తలుపుకి అడ్డం పెట్టి, దాని మీద రిజిస్టర్ల కట్ట పెట్టారు, ఎవరైనా తోస్తే చప్పుడవ్వాలని. అది చేశాక వచ్చి కూర్చున్నారు, టేబుల్‌కి అటువైపు కాదు, నా పక్క కుర్చీలో. "అమ్మా, ఇవి ఇక్కడికి వచ్చే అందరినీ అడుగుతాం, మిమ్మల్ని ఒక్కరినే కాదు, సిగ్గుపడొద్దు" అని మొదలుపెట్టారు. ఎన్నాళ్ల నుంచి, రంగు ఎలా ఉంది, పెరుగు ముక్కల్లా ఉంటుందా నీళ్లలా ఉంటుందా, వాసన ఉందా, దురద రాత్రి ఎక్కువా, పొత్తికడుపు నొప్పి ఉందా, కలిసినప్పుడు నొప్పి పుడుతుందా, ఆఖరి నెలసరి ఎప్పుడు, ఇంట్లో ఆయనకి మంట గానీ పుండు గానీ ఏమైనా ఉందా. అన్నీ మన మాటల్లోనే అడిగారు. నేను దానికి ఏ పేరు పెట్టాలో తెలియక "అక్కడ" అంటే ఆమె కూడా "అక్కడ" అనే అన్నారు. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. మూడు నెలలు ఎవరితో అనని మాట ఐదు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత డాక్టరమ్మ పరీక్ష చేశారు. ప్రతి పని చేసే ముందు చెప్పారు. ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు కొంచెం ఒత్తిడి ఉంటుంది, నొప్పి పుడితే చెయ్యెత్తండి ఆపేస్తాను అని. నాకు 38 కాబట్టి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష కూడా చేద్దామా అని అడిగారు. 30 దాటిన వాళ్లకి ఐదేళ్లకోసారి చేస్తారట. పలచటి వెనిగర్ లాంటి మందు దూదితో రాసి ఒక నిమిషం ఆగి, తెల్ల మచ్చ ఏమైనా వస్తుందా అని లైటు వేసి చూస్తారు, అంతే. కోత లేదు, సూది లేదు. ఏమీ లేదని అక్కడికక్కడే చెప్పారు. సంఘంలో ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క పరీక్ష కోసమైనా వెళ్లమని చెప్తున్నాను.

రక్త పరీక్ష దగ్గర ఇంకా నచ్చింది. "హెచ్‌ఐవీ, సిఫిలిస్ కూడా చూద్దామా? మీకు ఇష్టమైతేనే. వద్దన్నా మీకు ఇవ్వాల్సిన మందు ఇస్తాం" అన్నారు. నా రెండో కాన్పప్పుడు ఇంకోచోట ఏ పరీక్షో చెప్పకుండా రక్తం తీశారు, రిపోర్టులన్నీ బయట కూర్చున్న మా అత్తమ్మ చేతిలో పెట్టారు. ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే? అడిగి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలని, ఫలితం గుట్టుగా ఉంచాలని 2017లో హెచ్‌ఐవీ చట్టమే తెచ్చారు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అది అమల్లో ఉంది. అలాగని మన దగ్గర ఈ పరీక్షని తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. 2021 లెక్కల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. గల్ఫ్‌కి పోయి రెండేళ్లకోసారి వచ్చే మగవాళ్లు ఉన్న జిల్లా మాది, ఇంట్లో ఆడవాళ్లకి ఎన్ని టెన్షన్లుంటాయో నాకు తెలుసు. అలాంటప్పుడు అడిగే తీరు బాగుంటేనే చెయ్యి చాపుతారు. నేను చేయించుకున్నాను. రెండూ లేవు.

మందు సంగతి. ఈ జబ్బులకి సర్కారు దవాఖానల్లో రంగుల కిట్లు ఉంటాయి, ఏడు రకాలు. నాకు పచ్చ కిట్ వచ్చింది, తెల్లబట్ట, దురదలకి ఇచ్చేది. బూడిద రంగుది మూత్రంలో మంట, చీము కారడానికి. పసుపుది పొత్తికడుపు నొప్పికి. తెలుపు, నీలం, ఎరుపు పుండ్లకి, ఏ పుండుకి ఏది అన్నది డాక్టర్ చూసి చెప్తారు. నలుపు గజ్జల్లో గడ్డలకి. చాలా చోట్ల ఈ కిట్‌ని మందుల కిటికీ దగ్గర అందరి ముందూ ఇస్తారు. ఒకసారి తీసుకున్నవాళ్లకి ఆ రంగు తెలిసిపోతుంది కదా, పక్కన నిలబడ్డ మనిషి చేతిలో చూస్తే చాలు. ఇక్కడ అలా కాదు, రెండో రూంలోనే సిస్టర్ తెచ్చి ఇచ్చారు. "తిని వచ్చారా?" అని అడిగి, నీళ్లిచ్చి, తన ముందే మింగించారు. ఒక్కపూట మందే కాబట్టి ఇంటికి తీసుకెళ్లి దాచిపెట్టుకునే బాధ కూడా తప్పింది. నోరు సాయంత్రం దాకా ఇనుము నాకినట్టు చేదుగా ఉంటుంది, భయపడకండి. "రెండు మూడు రోజులు కల్లు ముట్టకండి, ఈ మందుతో పడదు" అని కూడా చెప్పారు. ఆ మాట చెప్పే డాక్టర్లు తక్కువ, మన దగ్గర ఆడవాళ్లు కల్లు తాగరని అనుకుంటారో ఏమో.

వెళ్లేటప్పుడు సిస్టర్ నా ఫోన్ నంబర్ తీసుకుంటూ, "ఈ ఫోన్ ఎవరెత్తుతారమ్మా?" అన్నారు. మధ్యాహ్నం రెండు దాటితే మా అబ్బాయి దగ్గర ఉంటుందని చెప్తే, "పొద్దున చేస్తాను, చేసినా మంగళవారం రమ్మన్నారు అని మాత్రమే అంటాను" అన్నారు. వారానికి ఫోన్ వచ్చింది. అంతే అన్నారు. నేను ఇన్నేళ్లలో చూసిన వైద్యంలో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయేది ఈ ప్రశ్నే.

ఇక ఆ తగ్గించిన ఒకటి.

మొదటిది మగవాళ్లు. మా ఆయనకి కూడా మంట ఉందని తేలింది, అడిగితేనే తేలింది, ఆయన కూడా దాచుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి మందు పడకపోతే కొన్ని జబ్బులు మళ్లీ నాకే తిరిగొస్తాయని సిస్టర్ వివరంగా చెప్పారు. కానీ ఆయన్ని ఇక్కడికి తీసుకురాలేను, మంగళవారం ఆడవాళ్ల రోజు. మిగతా రోజుల్లో రెండో రూంలో టీకాలు. మగవాళ్లకి మాట్లాడే గది లేదు, మాట్లాడే మగ నర్సు లేడు. పెద్దాసుపత్రిలో ఈ సుఖవ్యాధులకి చూసే సురక్ష క్లినిక్ ఉంది, అక్కడికి వెళ్లమన్నారు. వెళ్లాం. ఆయన బండి దిగకుండా గేటు బయట అరగంట కూర్చున్నారు. లోపల కౌన్సిలర్ మగాయనే, పది నిమిషాలు మాట్లాడి బూడిద కిట్ ఇచ్చి పంపారు, మంచిగానే చూశారు. కానీ ఒక పూట పని పోయింది, ఆటో నడిపేవాళ్లకి ఒక పూట అంటే ఎంతో మీకు తెలుసు. ఆ అరగంట, ఆ పూట పోగొట్టుకోలేని మగవాళ్లు బస్టాండ్ గోడ మీద గుప్త రోగాలు అని రాసి ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తారు, వేలకి వేలు పోస్తారు, భార్యకి మాత్రం చెప్పరు. మా సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ మగాయన, ఓపిక ఉన్న మనిషి. ఆయనకి ట్రైనింగ్ ఇచ్చి శనివారం సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టినా చాలు కదా. డాక్టరమ్మకి ఈ మాట చెప్పాను, పై వాళ్లకి రాస్తానన్నారు.

రెండోది పెళ్లికాని పిల్లలు. నా తర్వాత వచ్చిన ఒక డిగ్రీ పిల్లని వేరే సిస్టర్, ఆ రోజు డ్యూటీ మారి వచ్చిన ఆమె, కూర్చోకముందే "పెళ్లయిందా?" అని అడిగారు. ఆ పిల్ల "మా అమ్మ కోసం వచ్చా" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అదీ కిటికీ దగ్గర నేను చెప్పిన కడుపు నొప్పి లాంటిదే. పక్కన కూర్చుని చూస్తుంటే నాకు గుండె పిండినట్టయింది, లేచి వెనకాల వెళ్లాను గానీ అప్పటికే గేటు దాటింది. జబ్బుకి పెళ్లితో పనిలేదు. చట్టం కూడా అడగడం లేదు. 2021లో గర్భస్రావం చట్టాన్ని మార్చినప్పుడు భర్త అన్న చోట భాగస్వామి అని రాశారు, 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకీ అదే హక్కు అని తీర్పిచ్చింది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2014లో ఒక జాతీయ కార్యక్రమమే పెట్టి, వాళ్లకి విడిగా క్లినిక్‌లు ఉండాలన్నారు. "కలయిక జరుగుతోందా, గర్భం ఉండే అవకాశం ఉందా" అని అడిగితే డాక్టర్‌కి కావాల్సింది తెలుస్తుంది, పిల్ల కూడా కుర్చీలో ఉంటుంది. మొదటి సిస్టర్ అలాగే అడుగుతారు. అంటే ఆ పద్ధతి ఆ ఒక్క మనిషిలో ఉంది, సెంటర్‌లో ఇంకా పడలేదు. ఆమెకి ట్రాన్స్‌ఫర్ అయితే? నాకున్న పెద్ద భయం అదే. ఆమె అడిగే ప్రశ్నలు, ఆమె అడిగే వరస ఒక కాగితం మీద రాసి రెండో రూం గోడకి అతికించండి, వచ్చే ప్రతి సిస్టర్‌కి చూపించండి.

పరీక్షల గురించి ఒకటి. కిట్ పద్ధతి అంటే లక్షణం చూసి మందు ఇవ్వడం, పల్లెల్లో అది లేకపోతే ఏమీ ఉండదు, కాబట్టి మంచిదే. కానీ లక్షణమే బయటపడని ఇన్ఫెక్షన్లు ఆడవాళ్లలో చాలా ఉంటాయి, అవి ఈ జల్లెడలోంచి జారిపోతాయి. ఇంకోవైపు, నెల మధ్యలో సహజంగా అయ్యే తెల్లబట్టకి కూడా మందు మింగించే ప్రమాదం ఉంది. ల్యాబ్‌లో టీబీ తెమడ పరీక్షకి మైక్రోస్కోప్ ఉంది. తెల్లబట్ట చుక్క ఒకటి ఉప్పునీటితో గాజు పలక మీద పెట్టి చూస్తే కొన్ని రకాలు అప్పటికప్పుడు తెలుస్తాయట. అడిగితే చేస్తామని టెక్నీషియన్ అన్నారు, రాసేవాళ్లే తక్కువట. రాయండి మేడం, దయచేసి.

చిన్న చిన్నవి కొన్ని. బాత్‌రూంకి లోపల గడియ లేదు, మూత్రం పట్టి ఇవ్వమంటే మా యారాలు బయట కాపలా నిలబడింది. ఒకసారి పచ్చ కిట్లు అయిపోయి బయట కొనుక్కోమని రాశారు, ఆ వారం నేను పంపిన ఇద్దరు ఒట్టి చేతులతో వచ్చారు, కొన్నారో లేదో నాకు చెప్పలేదు. నిరోధ్ పెట్టె వాచ్‌మన్ కుర్చీకి ఎదురుగా ఉండేది, ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది, ఎవరు తీస్తారు ఆయన కళ్ల ముందు? మీటింగ్‌లో చెప్పి దాన్ని వెనక మెట్ల కింద, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టించాం. ఇప్పుడు వారానికి రెండుసార్లు నింపుతున్నామని ఆశా వర్కర్ చెప్పింది. ఖర్చు ఒక్క రూపాయి లేదు, రెండు మేకులు తప్ప.

వెళ్లాలనుకునేవాళ్లకి: మంగళవారం తొమ్మిదిన్నరకల్లా వెళ్తే మొదటి పది టోకెన్లలో ఉంటారు. తిని వెళ్లండి, ఆఖరి నెలసరి తేదీ గుర్తుపెట్టుకుని వెళ్లండి. కిటికీ దగ్గర ఎవరైనా ఏమైందని అడిగితే "రెండో రూం" అనండి చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు, మీ చీటీలో గడి ఖాళీగా వదిలెయ్యమని అడిగే హక్కు మీకుంది. నోరు తెరిచి అడగలేకపోతే 1097కి ఫోన్ చేయండి, హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల గురించి డబ్బులు లేకుండా మాట్లాడతారు. మా వార్డు వాళ్లయితే నాకు చెప్పండి, తోడు వస్తాను, లోపలికి రమ్మంటే వస్తాను, వద్దంటే బయట బెంచీ మీద కూర్చుంటాను.

నిన్న మంగళవారం మళ్లీ వెళ్లాను, ఇంకొకామెని తీసుకుని. రెండో రూం తలుపుకి గడియ ఇంకా పెట్టలేదు, స్టూలే ఉంది, రిజిస్టర్ల కట్ట కూడా అలాగే ఉంది. మా సమాఖ్య డబ్బుల్లోంచి గడియ కొంటామని సిస్టర్‌కి చెప్పి వచ్చాను. వచ్చే మంగళవారం వడ్రంగిని తీసుకుని ఎనిమిదింటికి వెళ్తున్నాం.